కోడీలో 4కే సినిమా ఆగి ఆగి ఆడుతోంది: లోపం డ్రైవర్‌దా, చిప్‌దా?

మీరు అడిగిందాన్ని ముందు నాలుగు ముక్కల్లో చెబుతాను, ఇదే ఇబ్బందితో వచ్చి చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది. ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో. ఏదో ఆఫీసు నుంచి తీసేసిన చిన్న డెస్క్‌టాప్ కొన్నారు: ఇంటెల్ ఆరో తరం ఐ5-6500టీ, 8 జీబీ ర్యామ్, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. దాంట్లో డెబియన్ 12 అనే లైనక్స్ వేసి, సినిమాలు ఆడించే కోడీ ప్లేయర్ పెట్టి, హాల్లో ఉన్న 43 అంగుళాల 4కే టీవీకి తగిలించారు. ఫుల్ హెచ్‌డీ సినిమాలు ఆడుతున్నాయి కానీ ఫ్యాన్ రొద ఎక్కువ. 4కే ఫైల్ పెడితే మాట ముందు వెళ్లిపోతోంది, బొమ్మ వెనక పడుతోంది. అమ్మ కోసం ఫైర్‌ఫాక్స్‌లో యూట్యూబ్ తెరిచి ఎస్‌వీబీసీ పెట్టినా సీపీయూ వంద శాతం దగ్గరే ఉంటోంది. కోడీని తీసేసి మళ్లీ వేశారు, లాభం లేదు. షాపతను ర్యామ్ 16 చేయమన్నాడు. "డ్రైవర్ సరిచేస్తే పోతుందా అన్నా, లేక మెషీనే మార్చాలా?" అని అడిగారు.

సగం డ్రైవర్ సమస్య, అది ఈ సాయంత్రమే పోతుంది. మిగతా సగం చిప్‌ది. అది ఏ సెట్టింగ్ మార్చినా పోదు. ఏది ఏ సగమో తేలేదాకా ర్యామ్ మీద గానీ, కొత్త మెషీన్ మీద గానీ రూపాయి పెట్టకండి. తేల్చే పద్ధతి ఒక్కటే: కింది నుంచి పైకి రావాలి. చిప్, కెర్నల్ (లైనక్స్ మూలభాగం), డ్రైవర్, అనుమతులు, చివర్లో ప్లేయర్. చాలామంది పైనున్న కోడీతో మొదలుపెట్టి అక్కడే తిరుగుతుంటారు. కోడీకి కింది నుంచి అందనిదాన్ని అది మీకు ఇవ్వలేదు కదా.

అసలు అక్కడ జరుగుతున్నదేమిటో ఒకసారి చూద్దాం. సినిమా ఫైల్ అంటే బాగా కుదించిన డేటా. దాన్ని విప్పి ఒక్కో ఫ్రేమ్ తయారు చేయడమే డీకోడింగ్. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్‌లో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి, 4కేలో 83 లక్షలు. సెకనుకు 24 ఫ్రేములు. ఇంటెల్ చిప్పుల్లో ప్రాసెసర్ కోర్లు కాకుండా, గ్రాఫిక్స్ భాగంలో ఈ పనికే కట్టిన చిన్న సర్క్యూట్ ఒకటి ఉంటుంది. అది పని చేస్తే సీపీయూ ఖాళీగా ఉంటుంది, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది. అది చేయకపోతే నాలుగు కోర్లూ కలిసి ఆ పనంతా మోయాలి. మీ ఫుల్ హెచ్‌డీ సినిమాలు "బాగానే" ఆడుతున్నాయంటే కోర్లు మోస్తున్నాయని అర్థం, సర్క్యూట్ పని చేస్తోందని కాదు. ఫ్యాన్ రొద చెబుతున్నది అదే.

ఆ సర్క్యూట్‌కు ఏ ఫార్మాట్లు (వీడియోను కుదించే పద్ధతులు, వీటినే కోడెక్‌లు అంటారు) వచ్చన్నది చిప్ తయారైన రోజే ఖాయమైపోతుంది. ఇంటెల్ నాలుగో తరం హాస్వెల్‌కు హెచ్.264, పాత ఎంపెగ్-2, వీసీ-1 వచ్చు, హెచ్‌ఈవీసీ రాదు. మీ ఆరో తరం స్కైలేక్‌లో హెచ్‌ఈవీసీ వచ్చింది కానీ 8-బిట్ వరకే. 10-బిట్ హెచ్‌ఈవీసీ, యూట్యూబ్ ఎక్కువగా వాడే వీపీ9, ఈ రెండూ పూర్తిగా హార్డ్‌వేర్‌లోకి వచ్చింది ఏడో తరం కేబీలేక్‌తో. ఏవీ1 అయితే 2020లో వచ్చిన టైగర్ లేక్ దాకా ఆగాల్సి వచ్చింది. ఇక్కడే మీ 4కే ఫైళ్ల సంగతి తేలిపోతుంది. 8-బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 10-బిట్‌లో 1024. వెలుగు, రంగులు మరింత విస్తృతంగా చూపే హెచ్‌డీఆర్‌లో వచ్చే 4కే సినిమాలు దాదాపు అన్నీ 10-బిట్ హెచ్‌ఈవీసీయే. వాటిని మీ చిప్‌లోని సర్క్యూట్ ముట్టుకోదు. ఆరో తరం, ఏడో తరం పెట్టెలు పక్కపక్కన పెడితే బయటికి ఒకేలా ఉంటాయి, మామూలు ఆఫీసు పనిలో కూడా పెద్ద తేడా తెలియదు. టీవీ కింద పెట్టినప్పుడు మాత్రం ఆ ఒక్క తరం తేడా చాలా పెద్దది. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు, కొనేవాళ్లు అడగరు.

కాబట్టి మొదటి పని: ఆగుతున్న ఆ ఫైల్ ఏ రకమో చూడండి. మీడియాఇన్ఫో అనే చిన్న టూల్ డెబియన్‌లో ఉంది, వేసుకుని ఫైల్ పేరు ఇవ్వండి. వీడియో భాగంలో ఫార్మాట్ అన్న చోట హెచ్‌ఈవీసీ, ప్రొఫైల్ అన్న చోట మెయిన్ 10, బిట్ డెప్త్ అన్న చోట 10 బిట్స్ అని కనిపిస్తే అది మీ మెషీన్‌కు మించిన ఫైల్. మెయిన్ అని మాత్రమే ఉండి 8 బిట్స్ అని ఉంటే మీ మెషీన్ దాన్ని హాయిగా ఆడించాలి, ఆడించకపోతే లోపం మన సెటప్‌లో ఉన్నట్టు. ఒక 8-బిట్ ఫైల్‌ను పరీక్షకని పక్కన పెట్టుకోండి. ఇకమీద ప్రతి మార్పు తర్వాత ఆ ఫైల్‌నే ఆడించి చూడాలి. ఫైల్ మార్చుకుంటూ పోతే ఏ మార్పు వల్ల ఏమైందో ఎప్పటికీ తెలియదు.

ఇక కెర్నల్. నేను రాసే ఆదేశాల పేర్లను టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. రూట్‌లో డెవ్ ఫోల్డర్, దాని కింద డీఆర్ఐ ఫోల్డర్ ఉంటుంది. అందులో కార్డ్‌తో మొదలయ్యే ఒక పేరు, రెండర్‌డీ128 అనే ఇంకో పేరు కనిపించాలి. ఆ రెండోదే ప్లేయర్లు డీకోడింగ్ కోసం తట్టే తలుపు. అది లేదంటే కెర్నల్‌లోని ఐ915 డ్రైవర్ లేవలేదు. అప్పుడు పైన ఏ ప్యాకేజీ వేసినా దండగే.

అది లేవకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం నోమోడ్‌సెట్ అనే ఒక్క మాట. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్క్రీన్ నల్లగా వస్తే, ఎక్కడో చదివి బూట్ లైన్‌లో ఆ మాట చేరుస్తారు. ఉబుంటులో సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకున్నా అదే చేరుతుంది. ఇన్‌స్టాల్ అయిపోతుంది, బొమ్మ కనిపిస్తుంది, దాని సంగతి అందరూ మరిచిపోతారు. చిత్తూరులో తెలిసినవాళ్లింట్లో ఇలాంటి పెట్టె చూశాను. డ్రైవర్లన్నీ సక్రమంగా ఉన్నాయి, కోడీ సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నాయి, అయినా సీపీయూ మండిపోతోంది. ఎట్‌సీ కింద డీఫాల్ట్ ఫోల్డర్‌లో, బూట్ సెట్టింగులుండే గ్రబ్ ఫైల్ తెరిస్తే లైనక్స్ డీఫాల్ట్ వరుసలో, క్వైట్ అన్న మాట పక్కనే అది కూర్చుని ఉంది. ఆ ఒక్క మాట తీసేసి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేస్తే రెండర్‌డీ128 వచ్చేసింది, వెంటే ఫ్యాన్ నెమ్మదించింది. మీ ఫైల్‌లో కూడా ఒకసారి వెతకండి.

ఇప్పుడు డ్రైవర్. లైనక్స్‌లో ఇంటెల్, ఏఎండీ చిప్పులకు ప్లేయర్‌కూ సర్క్యూట్‌కూ మధ్య మాట నడిపేది వీఏ-ఏపీఐ. దాని కింద ఇంటెల్‌కు రెండు డ్రైవర్లున్నాయి: పాతది ఐ965, కొత్తది ఐహెచ్‌డీ. ఐహెచ్‌డీ ఐదో తరం బ్రాడ్‌వెల్ నుంచి పని చేస్తుంది. హాస్వెల్, అంతకంటే పాతవి ఐ965 మీదే బతకాలి. మీ స్కైలేక్‌కు రెండూ పనికొస్తాయి, ఐహెచ్‌డీ వాడండి. డెబియన్‌లో ఆ ప్యాకేజీ పేరు ఇంటెల్-మీడియా-వీఏ-డ్రైవర్. పేరు చివర నాన్-ఫ్రీ అని ఉన్నది ఇంకొకటి ఉంది. డీకోడింగ్ ఒక్కటే కావాలంటే మామూలుది చాలు. ఎన్‌కోడింగ్, కొన్ని ప్రాసెసింగ్ పనులు కూడా కావాలంటే నాన్-ఫ్రీ రిపాజిటరీ తెరిచి రెండోది వేసుకోవాలి. డెస్క్‌టాప్ లేకుండా మినిమల్‌గా ఇన్‌స్టాల్ చేసి, అదనపు సిఫారసు ప్యాకేజీలు వద్దనుకున్న వాళ్ల మెషీన్లలో ఈ డ్రైవర్ ఉండనే ఉండదు. ప్లేయర్ కూడా నోరెత్తదు, నిశ్శబ్దంగా సీపీయూ మీదికి మారిపోతుంది.

తర్వాత వీఏఇన్ఫో అనే ప్యాకేజీ వేసి అదే పేరు టెర్మినల్‌లో కొట్టండి. మొత్తం పనిలో ముఖ్యమైన ఘట్టం ఇదే, కాబట్టి తొందరపడకుండా చదవండి. పైన డ్రైవర్ వెర్షన్ అన్న వరుసలో ఇంటెల్ ఐహెచ్‌డీ డ్రైవర్ అని ఉండాలి. కింద జాబితాలో ఎడమవైపు ప్రొఫైల్ పేరు, కుడివైపు ఎంట్రీపాయింట్ పేరు ఉంటాయి. కుడివైపు వీఎల్‌డీ అని ఉంటే ఆ ఫార్మాట్‌ను చిప్ డీకోడ్ చేయగలదు. ఎన్‌క్‌స్లైస్ అని ఉంటే ఎన్‌కోడ్ చేయగలదు, మన పనికి సంబంధం లేదు. ఎడమవైపు హెచ్264హై ఉందనీ, హెచ్‌ఈవీసీ ఉందనీ చూసి సంతోషపడి, పక్కన ఉన్నది వీఎల్‌డీనా కాదా చూడనివాళ్లు చాలామంది. మీ మెషీన్‌లో హెచ్264హై పక్కన వీఎల్‌డీ, హెచ్‌ఈవీసీమెయిన్ పక్కన వీఎల్‌డీ కనిపించాలి. హెచ్‌ఈవీసీమెయిన్10 వరుస కనిపించదు, వీపీ9 డీకోడింగ్ వరుస కూడా కనిపించదు. అవి లేవని డ్రైవర్లు మార్చి మార్చి వెతకకండి. మీ చిప్ చెప్పగలిగింది అంతే.

లిబ్‌వీఏ (వీఏ-ఏపీఐ లైబ్రరీ) ఎర్రర్ అని వచ్చి ఆగిపోతే, వేరే గదిలోంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా, అంటే ఇంకో మెషీన్ నుంచి లాగిన్ అయి, కొట్టారేమో చూసుకోండి. తెర లేని చోట అది మామూలుగా తడబడుతుంది. డిస్‌ప్లే ఆప్షన్‌కు డీఆర్ఎం అనీ, డివైస్ ఆప్షన్‌కు ఆ రెండర్‌డీ128 దారీ ఇస్తే ఎక్కడినుంచైనా పని చేస్తుంది. టీవీ ముందు కూర్చుని కొట్టినా ఎర్రర్ వస్తుంటే, లిబ్‌వీఏ డ్రైవర్ నేమ్ అనే వేరియబుల్‌లో ఎప్పుడో ఎవరో వేరే పేరు పెట్టి వదిలేసి ఉండవచ్చు. ఎట్‌సీ కింద ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో చూడండి. ఈ వేరియబుల్ అవసరం లేకపోతే పెట్టకపోవడమే మేలు. లిబ్‌వీఏ తనంతట తానే సరైనదాన్ని ఎంచుకుంటుంది.

అనుమతుల సంగతి. డెస్క్‌టాప్‌లో మీ పేరుతో లాగిన్ అయి కోడీ తెరిస్తే ఆ తలుపు మామూలుగా మీకు తెరిచే ఉంటుంది. మెషీన్ ఆన్ కాగానే కోడీ నేరుగా లేవాలని దానికి ప్రత్యేకంగా ఒక యూజర్ పెట్టి సర్వీస్‌గా నడిపేవాళ్లకు మాత్రం అది మూసి ఉంటుంది. ఆ యూజర్‌ను రెండర్, వీడియో గ్రూపులు రెండింట్లో చేర్చి, మెషీన్ రీస్టార్ట్ చేయండి. ఫ్లాట్‌ప్యాక్ (సిస్టంతో కలవకుండా విడిగా నడిచే ప్యాకేజీ) కోడీ అయితే దానికి వీఏ-ఏపీఐ ఎక్స్‌టెన్షన్ విడిగా కావాలి, బయట సిస్టంలో ఉన్న డ్రైవర్‌ను అది చూడదు. టీవీ కింది పెట్టెకు నా సలహా డెబియన్ సొంత ప్యాకేజీయే.

కోడీలోకి వెళ్లేముందు ఎంపీవీ అనే చిన్న ప్లేయర్‌తో ఒకసారి ఆడించి చూడండి. హెచ్‌డబ్ల్యూడెక్ ఆప్షన్‌కు వీఏఏపీఐ అని ఇచ్చి ఆ పరీక్ష ఫైల్ తెరిస్తే, అన్నీ కుదిరినప్పుడు టెర్మినల్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ వాడుతున్నట్టు ఒక వరుస వస్తుంది. ఆ ఆప్షన్ ఇవ్వకపోతే ఎంపీవీ సీపీయూనే వాడుతుంది, దాని డీఫాల్ట్ అది. అదే సమయంలో ఇంకో టెర్మినల్‌లో ఇంటెల్-జీపీయూ-టూల్స్ ప్యాకేజీలోని ఇంటెల్ జీపీయూ టాప్‌ను సుడోతో నడపండి. అందులో రెండర్, బ్లిటర్, వీడియో, వీడియోఎన్‌హాన్స్ అని నాలుగు గీతలుంటాయి. సినిమా ఆడుతుంటే వీడియో అన్న గీత కదలాలి. సినిమా ఆపితే సున్నాకు రావాలి. అదీ రుజువు. సీపీయూ శాతం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. వెనకాల కోడీ లైబ్రరీ స్కాన్ చేస్తున్నా సీపీయూ పెరుగుతుంది, ఫైల్ తేలికైనదైతే సాఫ్ట్‌వేర్‌లో కూడా తక్కువే చూపిస్తుంది. ఆ వీడియో గీత మాత్రం అబద్ధం చెప్పదు.

ఎంపీవీలో గీత కదిలి, కోడీలో కదలకపోతే అప్పుడు కోడీని పట్టుకోండి. సెట్టింగుల్లో ఎడమవైపు కింద బేసిక్ అనో స్టాండర్డ్ అనో ఉన్నదాన్ని ఎక్స్‌పర్ట్ వరకు నొక్కాలి, లేకపోతే మనకు కావలసిన వరుసలు కనిపించవు. ప్లేయర్‌లో వీడియోస్ భాగంలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ వీఏఏపీఐ అన్నది ఆన్‌లో ఉండాలి. దాని కిందే ఒక్కో కోడెక్‌కు విడిగా స్విచ్చులు ఉంటాయి, హెచ్‌ఈవీసీది ఎవరైనా ఆపేశారేమో చూడండి. తర్వాత సినిమా ఆడుతుండగా కీబోర్డులో ఇంగ్లీషు ఓ (O) అక్షరం నొక్కండి. తెర మీద డీకోడర్ పేరు వస్తుంది. ఎఫ్ఎఫ్-హెచ్‌ఈవీసీ-వీఏఏపీఐ అని, పక్కన హెచ్‌డబ్ల్యూ అని ఉంటే పని అయిపోయినట్టే. ఎస్‌డబ్ల్యూ అని ఉంటే ఇంకా సీపీయూ మీదే ఉంది.

అమ్మగారి ఎస్‌వీబీసీ విషయం. 2008లో మొదలైన ఆ చానల్ మన వైపు ఎన్ని ఇళ్లలో తెల్లవారుజామున సుప్రభాతంతో మొదలై మధ్యాహ్నం కల్యాణోత్సవం దాకా ఆగకుండా నడుస్తుందో నాకు తెలుసు. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ, ముఖ్యంగా గరుడ సేవ రాత్రి, ఆ పెట్టె గంటల తరబడి ఆగకుండా ఆడాలి. కాబట్టి నా దృష్టిలో మీ ఇంట్లో 4కే సినిమా కంటే ముందు సరిచేయాల్సింది ఇదే. ఫైర్‌ఫాక్స్ 115 నుంచి లైనక్స్‌లో ఇంటెల్ చిప్పులకు హార్డ్‌వేర్ డీకోడింగ్ డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంది, డెబియన్ 12లోని ఈఎస్ఆర్ (ఎక్కువకాలం మద్దతుండే ఫైర్‌ఫాక్స్) వెర్షన్‌కు కూడా అది వర్తిస్తుంది. మరి సీపీయూ ఎందుకు ఎక్కుతోంది? వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. కోడెక్స్ అన్న చోట ఏవీసీ1 అని ఉంటే హెచ్.264, మీ చిప్‌కు వచ్చు. వీపీ09 లేదా ఏవీ01 అని ఉంటే మీ చిప్‌కు రాదు. యూట్యూబ్ మీ బ్రౌజర్ ఆడించగలను అన్నదాన్ని పంపుతుంది, మీ చిప్ కష్టం దానికి తెలియదు.

దీనికి మందు ఎన్‌హాన్స్‌డ్-హెచ్264ఫై అనే యాడ్-ఆన్. వీపీ9, ఏవీ1 రెండింటినీ అందులో బ్లాక్ చేస్తే యూట్యూబ్ హెచ్.264 పంపుతుంది, పని సర్క్యూట్ మీదికి వెళ్తుంది. ఒక పరిమితి ఉంది: యూట్యూబ్ హెచ్.264ను 1080 వరకే ఇస్తుంది, 4కే రాదు. ఆరో తరం మెషీన్‌లో ఆ బేరం మంచిదే. ఏవీసీ1 అని ఉండి కూడా సీపీయూ మండుతుంటే అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, సపోర్ట్ కొట్టి కోడెక్ పట్టికలో హెచ్264 ఎదురుగా హార్డ్‌వేర్ డీకోడింగ్ ఉందో లేదో చూడండి. లేకపోతే పైన చెప్పిన డ్రైవర్ దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

ఓటీటీల గురించి ఒక్కమాటలో: పీసీ లైనక్స్‌లో వాటి కాపీ రక్షణ వైడ్‌వైన్ ఎల్3 స్థాయిలోనే నడుస్తుంది, 4కే రాదు. దానికీ మీ డ్రైవర్‌కూ సంబంధం లేదు. వాటికి టీవీలోని యాప్ వాడుకోండి.

డీకోడింగ్ కుదిరాక కూడా బొమ్మ కుదుపుగా ఉందని అనిపించవచ్చు. కెమెరా పక్కకు జరిగేటప్పుడు, చివర్లో టైటిల్స్ పైకి పోయేటప్పుడు అది బాగా తెలుస్తుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ 60 సార్లు గీస్తుంది. దాంతో ఒక ఫ్రేమ్ మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు కనిపిస్తుంది. కోడీలో వీడియోస్ కిందే డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ సరిచేసే వరుసను స్టార్ట్/స్టాప్‌కు పెట్టండి, సినిమాకు 24, మన టీవీ చానళ్ల రికార్డింగులకు 50 అని అదే మార్చుకుంటుంది. మీ మెషీన్ హెచ్‌డీఎంఐ 1.4 కాబట్టి 4కే తెర 30 హెర్ట్జ్‌కు మించి రాదు, మెనూల్లో మౌస్ ఈడ్చినట్టుంటుంది. అందుకే మెనూను 1080, 60 హెర్ట్జ్‌లో ఉంచి, సిస్టం సెట్టింగుల్లో డిస్‌ప్లే కింద ఉన్న వైట్‌లిస్ట్‌లో 4కే 24, 25, 30లను టిక్ చేయండి. 4కే ఫైల్ పెట్టినప్పుడు మాత్రమే తెర 4కేకు మారుతుంది. డిస్‌ప్లేపోర్ట్ ఖాళీగా ఉంటే, దాన్నుంచి హెచ్‌డీఎంఐ 2.0కు మార్చే యాక్టివ్ అడాప్టర్ పెట్టి 60 హెర్ట్జ్ తెచ్చుకోవచ్చు, కానీ అడాప్టర్ యాక్టివ్ రకమేనా అని అడిగి కొనండి.

సీపీయూ చల్లగా ఉండి, వీడియో గీత కదులుతూ, అయినా మధ్యలో ఆగి తెర మీద లోడింగ్ చక్రం తిరుగుతుంటే అది డీకోడింగ్ కాదు, ఫైల్ సరిగ్గా అందడం లేదు. 4కే ఫైళ్లు కొన్ని సెకనుకు 60, 80 మెగాబిట్లు అడుగుతాయి. పక్కగదిలోని రూటర్ నుంచి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద, అపార్ట్‌మెంట్‌లో చుట్టూ ఇంకో పది రూటర్లుండగా, అది రాదు. లాన్ కేబుల్ వేయండి. గోడకు ట్రంకింగ్ కొట్టి వేసిన ఆ కేబుల్ ఎన్ని సెట్టింగుల కంటే మేలో వేశాక తెలుస్తుంది.

వేడి విషయం విడిగా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. మే నెలలో మన వైపు 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, టీవీ కింద గాజు తలుపుల అరలో, సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టిన పెట్టెకు ఊపిరాడదు. ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు నిన్న ఆడిన ఫైలే ఈరోజు ఆగుతుంది. ఆఫీసుల నుంచి వచ్చిన పెట్టెలు మూత విప్పితే ఫ్యాన్ కింద హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము గుడ్డ పరిచినట్టు ఉంటుంది. బ్రష్‌తో దులిపి, పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయించండి. సెన్సర్స్ అనే ఆదేశంతో ముందు, తర్వాత డిగ్రీలు చూసుకోండి. అర తలుపు తీసి ఉంచండి.

షాపతను చెప్పిన ర్యామ్ మాట పూర్తిగా తప్పు కాదు. మీ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ఉన్న ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే 8 జీబీ స్టిక్ ఉంటే, రెండోది వేస్తే రెండు చానెళ్లు అయి 4కే తెర మీద కాస్త చురుకు వస్తుంది. కానీ 10-బిట్ ఫైల్ దానివల్ల ఆడదు, మీరు డబ్బు పెడుతున్నది దాని కోసమైతే వద్దు.

ఇదే పేజీకి వేరే మెషీన్లతో వచ్చేవాళ్లకు రెండు మాటలు. ఏఎండీ అయితే లైనక్స్ గ్రాఫిక్స్ లైబ్రరీ మెసాలోని రేడియన్‌ఎస్ఐ డ్రైవర్ చూసుకుంటుంది. డెబియన్‌లో మెసా-వీఏ-డ్రైవర్స్‌తో పాటు ఫర్మ్‌వేర్-ఏఎండీ-గ్రాఫిక్స్ తప్పకుండా వేయాలి. 2018 తర్వాతి రైజెన్ ఏపీయూలు (గ్రాఫిక్స్ కలిసిన ప్రాసెసర్లు) 10-బిట్ హెచ్‌ఈవీసీ, వీపీ9 రెండూ చేస్తాయి. ఫెడోరా లైనక్స్ వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, పేటెంట్ల భయంతో 2022లో ఏఎండీ వాడే మెసా డ్రైవర్ నుంచి హెచ్.264, హెచ్‌ఈవీసీ తీసేశారు, ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి రిపాజిటరీ నుంచి ఫ్రీవరల్డ్ ప్యాకేజీ తెచ్చుకోవాలి. ఎన్‌విడియా కార్డుకు దారి వేరు, వాళ్ల సొంత డ్రైవర్ కావాలి. ఇంట్లో ఉన్న కార్డైతే సరే, సినిమాల పెట్టె కోసం కొత్తగా కొనవద్దనే చెబుతాను.

ఇక మెషీన్ మార్చాలా అన్న ప్రశ్న. మీ దగ్గరున్న సినిమాలు ఎక్కువగా ఫుల్ హెచ్‌డీ అయితే అక్కర్లేదు, ఇది ఇంకా చాలాకాలం పని చేస్తుంది. 10-బిట్ 4కే తప్పక కావాలంటే ముందు ఒక చవకైన దారి చూడండి. ఆరు, ఏడు తరాల చిప్పులు ఒకే ఎల్‌జీఏ1151 సాకెట్‌లో కూర్చుంటాయి. బోర్డు తయారీదారు కొత్త బయోస్ (మెషీన్‌ను ముందు లేపే ప్రోగ్రాం)లో ఏడో తరానికి మద్దతు ఇచ్చి ఉంటే, బయోస్ అప్‌డేట్ చేసి ఐ5-7500టీ లాంటిది మార్చుకుంటే సరిపోతుంది. సాకెట్ పేరు ఒకటే కదా అని ఎనిమిదో తరం చిప్ తెచ్చుకోకండి, మీ బోర్డు మీద అది లేవదు. బయోస్ కుదరకపోతే ఏడు, ఎనిమిది తరాల సెకండ్ హ్యాండ్ పెట్టె, లేదా యూట్యూబ్ ఏవీ1 కూడా కావాలంటే ఎన్100 చిప్ ఉన్న కొత్త చిన్న పెట్టె. అది వీటన్నిటినీ ఆడిస్తుంది, కరెంటూ తక్కువే తింటుంది.

మన జిల్లా వాళ్లం ఇలాంటివి కొనాలంటే చెన్నై రిచీ స్ట్రీట్‌కో బెంగళూరు ఎస్పీ రోడ్‌కో పోతాం. వెళ్లేటప్పుడు ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిపే లైవ్ యూఎస్‌బీ ఒకటి, 10-బిట్ చిన్న క్లిప్ జేబులో వేసుకోండి. షాపులోనే యూఎస్‌బీతో బూట్ చేయించి, ఫోన్ హాట్‌స్పాట్‌తో వీఏఇన్ఫో వేసి, హెచ్‌ఈవీసీమెయిన్10 పక్కన వీఎల్‌డీ ఉందో లేదో చూడండి. బిల్లు మీద ఐ5 అని మాత్రమే రాస్తే పూర్తి మోడల్ నంబర్ రాయించుకోండి.

కొత్త పెట్టె తీసుకుంటే దాంట్లో డెబియన్ బదులు లిబ్రెఎలెక్ వేయడం గురించి ఆలోచించండి. కోడీ కోసమే కట్టిన సిస్టం అది. దాని 11వ వెర్షన్ నుంచి ఇంటెల్, ఏఎండీలకు ఎక్స్ సర్వర్ (మామూలుగా తెర మీద గీసే ప్రోగ్రాం) లేకుండా నేరుగా తెర మీద గీస్తుంది, చిప్, టీవీ రెండూ ఒప్పుకుంటే హెచ్‌డీఆర్ కూడా వస్తుంది. బ్రౌజర్ మాత్రం ఉండదు, అమ్మగారి యూట్యూబ్‌కు కోడీ యాడ్-ఆన్ మీద ఆధారపడాలి. అది ఆమెకు అలవాటవుతుందా లేదా చూసుకుని నిర్ణయించండి.

ఈ రాత్రికి గ్రబ్ ఫైల్ చూసి, ఐహెచ్‌డీ డ్రైవర్ వేసి, రీస్టార్ట్ చేయండి. తర్వాత వీఏఇన్ఫో మొత్తం అవుట్‌పుట్, ఆగుతున్న 4కే ఫైల్‌కు మీడియాఇన్ఫో చూపిన వీడియో భాగం, కోడీలో ఓ నొక్కితే వచ్చిన డీకోడర్ వరుస, ఈ మూడూ ఇక్కడ పెట్టండి. ఫోటో వద్దు, టెక్స్ట్‌గానే అతికించండి. అందులో హెచ్‌ఈవీసీమెయిన్ పక్కన వీఎల్‌డీ ఉండి కూడా 8-బిట్ ఫైల్‌కు ఎస్‌డబ్ల్యూ అనే వస్తుంటే కోడీ డీబగ్ లాగ్ కావాలి, అది ఎలా తీయాలో అప్పుడు రాస్తాను.